రెండో దెబ్బ

మా భూపాలపల్లిల డ్యూటీ అంటే షిఫ్టు.
మొదటి డ్యూటీ, రెండో డ్యూటీ, రాత్రి డ్యూటీ.
ఆ మాటకు ఇంకో అర్థముందని
ఓదెలు సర్దారు కర్ర లేపేదాకా
నాకు తెల్వలే.

అప్పుడు నేను బదిలీ ఫిల్లర్ని.
నూట తొంభై మస్టర్లు నిండితే పర్మినెంటు.
నూట ఎనభై తొమ్మిది పడ్డయి.
ఆ దినం ఏడాదికి ఆఖరు.

ఓదెలు ఒక చెయ్యి కప్పుకు ఆనిచ్చి
ఇంకో చేత్తోని కర్రతో కొడతడు,
జరమొచ్చిన పోరడి వీపు మీద
డాక్టరు వేళ్లతో కొట్టినట్టు.
గట్టి రాయి కంగుమంటది.
పొర ఇడిసిన రాయి పాత కాగు లెక్క మోగుతది.

"డొల్ల" అన్నడు.

మళ్లొకసారి కొట్టు సర్దారు, నీ కాల్మొక్కుత అన్న.
"యిన్నంక మళ్ల కొట్టేది చెవి కోసం కాదు పిలగా,
మనసు కోసం" అని
సుద్దముక్కతోని అడ్డం గీసిండు.
పర్మినెంటోళ్లను వేరే జాగకు పంపిన్రు.
బదిలోళ్లను ఇంటికి.

కప్పు కూలలే.
ఆ దినం కూలలే, ఆ నెల కూలలే,
నీళ్లు నింపి ఆ జాగ మూసేదాక కూలలే.
కూలుంటే ఓదెలు దేవుడు.
కూలలే గనక ముసలి మొండోడు.
అదే చెయ్యి, అదే కర్ర, అదే సప్పుడు,
పేరు మాత్రం రాయి పెట్టింది.

తెల్లారి సైకిలు మీద బియ్యం మూట తెచ్చిండు.
మా నాయిన మొఖం తిప్పుకుంటే
అరుగు మీద పెట్టి పోయిండు.
నెల రోజులు అదే అన్నం,
తినుకుంటనే తిట్టినం.
తప్పు చెయ్యనోడు బియ్యమెందుకు తెస్తడు?
శానా ఏండ్లు నన్ను నేను అడుక్కున్న మాట ఇది.

పందొమ్మిదేండ్లకు ఆ కర్ర నా చేతికొచ్చింది.
తిరుపతి అని ఒక బదిలీ పోరడు,
నెలంత జరంల పండి లేసిండు.
ఎనిమిది మస్టర్లు తక్కువ,
మిగిలినయి తొమ్మిది దినాలు.
ఏమీ అడగలే వాడు.
అడిగుంటే బాగుండు, కాదనేటోణ్ని.
తల వంచుకొని బూటు లేసు కట్టుకుంటున్నడు.

కొట్టిన. డొల్ల.

మతిలనే లెక్క ఏసిన:
ఆరుగురు మనుషులు, ఒక షిఫ్టు,
వాని ఇంట్ల నిండు చూలాలు,
కప్పు కూలకుంటే అందరికీ మేలే.
లెక్కల తప్పు లేదు,
ఇప్పటికి ఎన్నిసార్లు సూసుకున్ననో.
జానెడు పక్కకు జరిగి
మెల్లగ, కోడిపిల్లను తట్టినట్టు,
రెండోసారి కొట్టిన.
నేను ఏమనమన్ననో
రాయి అదే అన్నది.

కప్పు కూలలే.

ఓదెలును ఆఖరుసారి సూసింది
వరంగల్ల పెద్దదవాఖాన వరండల.
బెడ్లు లేక కింద పండబెట్టిన్రు.
నా రెండో దెబ్బ సంగతి చెప్పుదామనే పోయిన.
నోరు తెరువక ముందే ఆయనే అడిగిండు:
"ఆ ఏడాది పర్మినెంటు కాకపోతే
నీకు ఎంత నష్టమైంది? రూపాయలల్ల చెప్పు."
చెప్పిన.
కండ్లు మూసుకొని వేళ్ల మీద లెక్కపెట్టిండు,
బియ్యం మూట తీసేసిండు గావచ్చు,
మిగిలింది ఎంతనో నాకు చెప్పలే.
నేను కూడ నా సంగతి చెప్పలే.
బస్సెక్కి ములుగు దాటినంక
ఏడుపొచ్చింది, దేనికో ఎరుక లేదు.

ఇప్పుడు తిరుపతి నా కన్న పెద్ద ఇల్లు కట్టిండు.
బిడ్డ నర్సు చదువుతున్నది.
మేడారం జాతరకు పోయినప్పుడల్ల
మా ఇంటికి బంగారం తెస్తడు,
బుట్టంత బెల్లం ముద్ద.
వాడు కాళ్లు మొక్కుతుంటే
నాకు ఎన్కకు జరగాలనిపిస్తది.

వాడు పోయినంక
ముద్ద పగలగొట్టనీకి రోకలి పట్టుకుంట.
ఇంకో చెయ్యి తనంతట తానే పోయి
ముద్దకు ఆనుతది.

"తినరాదు," అంటది మా రాజేశ్వరి,
"బెల్లాన్ని గూడ యింటరా ఎవలన్న?"